ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పసుపు జెండాలు, రీప్లే రివ్యూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఉండే చాలా తెలుగు ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్) ఆట నడుస్తూ ఉంటుంది. ఆట అర్థమవడానికి నాకు ఒక సీజన్ చాలింది. పెనాల్టీలు, రీప్లేలు ఒంటబట్టడానికి మాత్రం ఐదారేళ్లు పట్టింది. ఇండియా నుంచి వచ్చే చుట్టాలు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. రూలు చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాను, ఎందుకంటే ఈ విషయంలో అభిప్రాయం లేకుండా ఆట చూసేవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఆట బొత్తిగా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బంతి చేతిలో ఉన్న జట్టుకు (అఫెన్స్) నాలుగు ప్రయత్నాలుంటాయి, ఆపేవాళ్లు డిఫెన్స్. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింట్లో పది యార్డులు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు డౌన్లు వస్తాయి, దాన్నే ఫస్ట్ డౌన్ అంటారు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. యార్డు అంటే మన గజమే. ఒక గోల్ లైన్ నుంచి ఇంకో గోల్ లైన్‌కు వంద యార్డులు. పెనాల్టీ పడితే ఈ యార్డులు తగ్గుతాయి, లేదా పెరుగుతాయి. ఒక్కోసారి డౌన్ కూడా మారిపోతుంది. ఇంత తెలిస్తే కింద రాసినదంతా అర్థమవుతుంది.

పసుపు గుడ్డ విసిరేది ఎవరు?

మైదానంలో ఏడుగురు అఫీషియల్స్ ఉంటారు. తెల్ల టోపీ పెట్టుకున్నాయన రిఫరీ, మిగతా ఆరుగురివి నల్ల టోపీలు. తప్పు కనపడితే ఏడుగురిలో ఎవరైనా ఆ పసుపు గుడ్డను, అంటే జెండాను, విసరొచ్చు. నడుముకున్న మైకు స్విచ్ నొక్కి, ఏ నంబరు ఆటగాడు ఏం తప్పు చేశాడో స్టేడియం మొత్తానికి చెప్పేది మాత్రం రిఫరీయే. ఈ అఫీషియల్స్‌లో చాలామందికి వేరే ఉద్యోగాలు ఉంటాయి. ఎన్నో ఏళ్లు రిఫరీగా చేసిన ఎడ్ హొక్యులీ లాయరు. వాల్ట్ కోల్‌మన్‌ది పాల వ్యాపారం చేసే కుటుంబం.

ఏ తప్పుకు ఎంత శిక్ష?

అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఐదు, పది, పదిహేను అన్న మూడు అంకెలు చాలు. బంతి కదలకముందే కదిలితే, గీత దాటి నిలబడితే, టైము మించిపోతే ఐదు యార్డులు. అఫెన్స్‌వాడు ఎదుటివాణ్ణి చేతులతో పట్టి ఆపితే (హోల్డింగ్) పది. దెబ్బ తగిలేలా ఆడితే, హెల్మెట్ ముందున్న కడ్డీలు పట్టి లాగితే, బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను అనవసరంగా కొడితే పదిహేను.

డిఫెన్స్ చేసే కొన్ని తప్పులకు యార్డులతో పాటు ఆటోమేటిక్‌గా ఫస్ట్ డౌన్ కూడా ఇస్తారు. అసలు దెబ్బ అదే. డిఫెన్సివ్ హోల్డింగ్‌కు ఐదు యార్డులే కదా అనిపిస్తుంది. కానీ మూడో డౌన్‌లో పదిహేను యార్డులు కావాల్సిన జట్టుకు ఆ ఐదు యార్డులతో కొత్త ప్రాణం వస్తుంది.

ఈ లెక్కకు లొంగనివాటిలో ముఖ్యమైనది డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్. దాని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

పాస్ ఇంటర్‌ఫియరెన్స్ మీద అంత రచ్చ ఎందుకు?

బంతి గాల్లో ఉండగా, దాన్ని పట్టుకోబోతున్న రిసీవర్‌ను డిఫెండర్ ముందే తోసినా, చేయి పట్టినా, అడ్డంగా గుద్దినా అది పాస్ ఇంటర్‌ఫియరెన్స్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతిని తప్పు జరిగిన చోటికే తీసుకెళ్లి పెడతారు. నలభై యార్డుల దూరంలో జరిగితే ఒక్క జెండాతో నలభై యార్డులు వచ్చేస్తాయి. ఎండ్ జోన్‌లో (గోల్ లైన్ అవతలి భాగంలో) జరిగితే బంతి ఒక యార్డు గీత మీదకు వస్తుంది. అదే తప్పు అఫెన్స్ చేస్తే పది యార్డులే. కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్‌కు కూడా పదిహేనుకు మించి వేయరు.

కాలేజీ పద్ధతే ఇక్కడా పెట్టాలని చాలామంది వాదిస్తారు. నేను ఒప్పుకోను. పదిహేనుకు మించదని తెలిస్తే, వెనకబడిపోయిన ప్రతి డిఫెండరూ రిసీవర్‌ను కింద పడేసి, యాభై యార్డుల టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించి పాయింట్లు తెచ్చుకోవడం) పోగొట్టి పదిహేనుతో బయటపడతాడు. శిక్ష పెద్దదిగా ఉండటం న్యాయమే. సమస్యంతా ఎక్కడుందంటే, ఇంత పెద్ద శిక్ష ఒక మనిషి అరక్షణంలో చేసే అంచనా మీద ఆధారపడి ఉంది. ఇద్దరూ పరిగెడుతున్నారు, ఇద్దరూ బంతి కోసం తల తిప్పారు, భుజాలు తగిలాయి. అడ్డు పడ్డాడా, ఊరికే తగిలాడా? రూలు పుస్తకంలో ఎన్ని మాటలు రాసినా చివరికి తేల్చాల్సింది ఆ పక్కన నిలబడ్డ ఒక్క మనిషి కళ్లే.

హోల్డింగ్ ప్రతి ప్లేలోనూ జరుగుతుందట, నిజమేనా?

దాదాపు నిజమే. లైన్‌లో ఐదుగురు బండలాంటి మనుషులు ఎదురుగా అంతే బలమైనవాళ్లను ఆపుతుంటే జెర్సీలు పట్టుకోకుండా ఉండరు. పట్టుకున్నందువల్ల ప్లే మారిందా అన్నదే అఫీషియల్ చూస్తాడు. మారలేదనుకుంటే వదిలేస్తాడు. అందుకే "అప్పుడు వదిలేసినవాళ్లు ఇప్పుడెందుకు పట్టుకున్నారు?" అన్న కోపం పుడుతుంది.

2023 ఫిబ్రవరి 12 నాటి సూపర్ బౌల్ (సీజన్ ఆఖరి ఫైనల్) దీనికి మంచి ఉదాహరణ. కాన్సాస్ సిటీ, ఫిలడెల్ఫియా 35-35తో సమంగా ఉన్నాయి. రెండు నిమిషాల లోపే మిగిలింది. మూడో డౌన్‌లో పాస్ అందలేదు, కానీ ఫిలడెల్ఫియా డిఫెండర్ జేమ్స్ బ్రాడ్‌బెర్రీ మీద హోల్డింగ్ జెండా పడింది. కాన్సాస్ సిటీకి ఫస్ట్ డౌన్ వచ్చింది. గడియారాన్ని కరగబెట్టి, ఎనిమిది సెకన్లు మిగిలినప్పుడు ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపడం) కొట్టి 38-35తో గెలిచారు. దేశమంతా రిఫరీని తిట్టింది. బ్రాడ్‌బెర్రీ మాత్రం ఆట అయ్యాక విలేకరుల ముందు, అది హోల్డింగే, జెర్సీ లాగాను, వదిలేస్తారని అనుకున్నాను అని ఒప్పుకున్నాడు. ఆ ఓటమి రాత్రి అలా చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! ఆరోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం. ఆ జెండా కూడా న్యాయమైనదే అంటాను. ఆట చివర్లో తప్పు చేస్తే అది తప్పు కాకుండా పోదు.

లాభం వచ్చే పెనాల్టీని ఒక్కోసారి వద్దంటారెందుకు?

ప్లేలో వచ్చిన ఫలితం పెనాల్టీ కంటే మెరుగ్గా ఉంటే వద్దంటారు. ఉదాహరణకు, డిఫెన్స్ హోల్డింగ్ చేసినా అఫెన్స్ ముప్పై యార్డులు సంపాదించిందనుకోండి, ఆ ముప్పై పోగొట్టుకుని ఐదు తీసుకోరు కదా.

రీప్లే ఎప్పటి నుంచి ఉంది?

మొదట 1986లో తెచ్చారు. ఆట సాగదీస్తోందని, అప్పటికీ తప్పులు జరుగుతున్నాయని 1991 సీజన్ తర్వాత తీసేశారు. మళ్లీ తెచ్చింది 1999లో. దానికి గట్టి కారణం ఉంది.

1998 డిసెంబర్ 6న న్యూయార్క్ జెట్స్, సియాటిల్ సీహాక్స్ ఆడుతున్నాయి. చివరి అరనిమిషంలో, నాలుగో డౌన్‌లో, జెట్స్ క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టావర్డీ బంతి పట్టుకుని గోల్ లైన్ వైపు దూకాడు. గీత దాటింది అతని హెల్మెట్. బంతి గీతకు ఇవతలే ఉంది. అఫీషియల్ టచ్‌డౌన్ అని చేతులెత్తేశాడు. జెట్స్ 32-31తో గెలిచింది. టీవీలో ఇంటింటికీ స్పష్టంగా కనపడుతున్నది మైదానంలో ఉన్నవాళ్లకు చూసే వీలు లేదు. సియాటిల్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు, కోచ్ డెన్నిస్ ఎరిక్సన్ ఉద్యోగం పోయింది.

తర్వాత వ్యవస్థ కొంచెం కొంచెంగా పెరిగింది. పాయింట్లు వచ్చిన ప్రతి ప్లేనూ 2011 నుంచి, బంతి చేతులు మారిన ప్రతి ప్లేనూ 2012 నుంచి పైనున్న రీప్లే అఫీషియల్ తనంతట తానే చూస్తున్నాడు. ఒకప్పుడు రిఫరీ పక్కకెళ్లి ముసుగులో తల దూర్చి చూసేవాడు. 2017 నుంచి చేతికి టాబ్లెట్ ఇస్తున్నారు, చివరి నిర్ణయం మాత్రం న్యూయార్క్‌లోని లీగ్ కేంద్రానిది. దానికి ఆర్ట్ మెక్‌నాలీ పేరు పెట్టారు. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొట్టమొదటి అఫీషియల్ ఆయన.

కోచ్ ఎర్రజెండా విసరడం మన డీఆర్ఎస్ లాంటిదేనా?

చాలావరకు అలాంటిదే. ఎర్రజెండా విసిరి రివ్యూ అడగడాన్ని ఛాలెంజ్ అంటారు, ఒక్కో కోచ్‌కు రెండు ఛాలెంజ్‌లుంటాయి. మొదటి రెండింట్లో ఒకటి నెగ్గినా మూడోది ఇస్తున్నారు, ఈ సౌకర్యం 2024లో వచ్చింది. అంతకుముందు రెండూ నెగ్గాలి. ఓడిపోతే ఒక టైమౌట్ (గడియారాన్ని ఆపించే అవకాశం) పోతుంది. ఈ ఆటలో టైమౌట్ అంటే చివరి నిమిషాల్లో బంగారంతో సమానం. అందుకే టైమౌట్ మిగలని కోచ్‌కు ఛాలెంజ్ చేసే హక్కే లేదు. ప్రతి సగంలో ఆఖరి రెండు నిమిషాలు, ఓవర్‌టైమ్ మొత్తం కోచ్‌ల చేతిలో ఏమీ ఉండదు, పైనున్నవాళ్లే చూసుకుంటారు.

డీఆర్ఎస్‌తో తేడా ఒకటుంది. క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ దాకా అడగొచ్చు. ఇక్కడ చాలా పెనాల్టీలను అడగనే కూడదు. బంతి గీత దాటిందా, పాదం లోపలే పడిందా, మోకాలు ముందు ఆనిందా, మైదానంలో ఒకే జట్టువాళ్లు పన్నెండుమంది ఉన్నారా, ఇలాంటివి అడగొచ్చు. హోల్డింగ్ ఉందో లేదో అడగడానికి వీల్లేదు.

అడగకూడనిచోట విసిరితే ఏమవుతుందో డెట్రాయిట్‌వాళ్లను అడగాలి. 2012 థాంక్స్‌గివింగ్ రోజు హ్యూస్టన్ ఆటగాడు జస్టిన్ ఫోర్సెట్ కిందపడ్డాడు, మోకాలు, మోచేయి నేలకు తగిలాయి. విజిల్ మోగలేదు. లేచి 81 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. పాయింట్లు వచ్చిన ప్లే కాబట్టి రివ్యూ దానంతటదే జరగాలి. డెట్రాయిట్ కోచ్ జిమ్ ష్వార్ట్జ్ కోపం ఆపుకోలేక ఎర్రజెండా విసిరాడు. అప్పటి రూలు ప్రకారం, అలా విసిరితే పదిహేను యార్డుల పెనాల్టీ, పైగా ఆ రివ్యూ కూడా రద్దు! తప్పని అందరికీ తెలిసిన టచ్‌డౌన్ అలాగే నిలబడింది. హ్యూస్టన్ ఓవర్‌టైమ్‌లో 34-31తో గెలిచింది. మరుసటి ఏడాది నుంచి కోచ్ తొందరపడినా రివ్యూ ఆగకుండా రూలు మార్చారు.

"కన్ఫర్మ్‌డ్", "స్టాండ్స్" రెండూ ఒకటేనా?

కాదు. కన్ఫర్మ్‌డ్ అంటే వీడియోలో చూశాం, మైదానంలో ఇచ్చిన నిర్ణయం కరెక్టే అని. స్టాండ్స్ అంటే మార్చడానికి చాలినంత ఆధారం దొరకలేదు, కాబట్టి అలాగే ఉంచుతున్నాం అని. క్రికెట్‌లో అంపైర్స్ కాల్‌కు దగ్గరగా ఉంటుంది. నిర్ణయం మార్చాలంటే తప్పు స్పష్టంగా, అనుమానం లేకుండా కనపడాలి. అంటే మైదానంలో మొదట ఏం చెప్పారన్నదే సగం తీర్పు.

2025 జనవరి 26న బఫలో, కాన్సాస్ సిటీ మధ్య జరిగిన ఏఎఫ్‌సీ ఫైనల్‌లో (సూపర్ బౌల్‌కు ముందు జరిగే సెమీఫైనల్ లాంటిది) ఇదే కనపడింది. నాలుగో క్వార్టర్ మొదట్లో బఫలో ఒక పాయింటు ముందుంది. నాలుగో డౌన్‌లో బఫలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ బంతితో మనుషుల గుట్టలోకి దూరాడు. చెరో వైపు నుంచి పరిగెత్తుకొచ్చిన ఇద్దరు అఫీషియల్స్‌కు బంతి చెరో చోట కనపడింది. వెనకున్న చోటునే ఖాయం చేశారు. పది మంది ఒళ్ల కింద బంతి ఎక్కడ ఆగిందో ఏ కెమెరాకూ కనపడలేదు. రివ్యూలో స్టాండ్స్ అన్నారు. కాన్సాస్ సిటీ 32-29తో నెగ్గింది.

మరి ఇప్పుడు హాక్‌ఐ వచ్చిందిగా? ఆ బాధ తీరినట్టేనా?

తీరలేదు. 2025 నుంచి గొలుసు లాక్కొచ్చి కొలవడం బదులు, మనకు క్రికెట్‌లో తెలిసిన హాక్‌ఐ కెమెరాలతో కొలుస్తున్నారు. కానీ అది కొలిచేది, నేల మీద పెట్టిన బంతికీ ఫస్ట్ డౌన్ గీతకూ మధ్య దూరాన్ని. బంతిని అక్కడ పెట్టేది ఇప్పటికీ మనిషే, కంటి అంచనాతోనే. బియ్యం కొలిచే తరాజు ఎంత మంచిదైనా, అందులో పోసిన గింజలు ఎన్నో చూసుకోవాలి కదా. 2017 డిసెంబర్‌లో డాలస్, ఓక్లాండ్ మధ్య ఆటలో రిఫరీ జీన్ స్టెరటోర్ కాగితం మడిచి, బంతికీ కొలత కర్రకూ మధ్య దూర్చి ఫస్ట్ డౌన్ ఇచ్చాడు. చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఆ క్షణం ఇప్పటికీ కళ్లముందు ఉంది: చలి, చుట్టూ వేలమంది, మోకాళ్ల మీద కూర్చున్న మనిషి, చేతిలో చిన్న కాగితం ముక్క.

న్యూ ఆర్లీన్స్ వాళ్లు ఇంకా ఏ అన్యాయం గురించి మాట్లాడుతుంటారు?

2019 జనవరి 20. సూపర్‌డోమ్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, అంటే రెండో సెమీఫైనల్ లాంటిది. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్, లాస్ ఏంజెలెస్ రామ్స్ 20-20. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. సెయింట్స్‌కు మూడో డౌన్, బంతి రామ్స్ 13 యార్డుల గీత దగ్గర. డ్రూ బ్రీస్ కుడివైపు టామీలీ లూయిస్‌కు విసిరాడు. బంతి ఇంకా గాల్లోనే ఉంది. రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్‌మన్ బంతి వైపు తల కూడా తిప్పకుండా వచ్చి లూయిస్‌ను గుద్దేశాడు. హెల్మెట్‌కు హెల్మెట్ కూడా తగిలింది. పక్కనే అఫీషియల్స్ ఉన్నారు. జెండా పడలేదు.

పడి ఉంటే ఏమయ్యేదో లెక్క వేయండి. సెయింట్స్‌కు ఫస్ట్ డౌన్, గోల్ లైన్ పక్కనే. రామ్స్ దగ్గర ఒకే ఒక్క టైమౌట్. గడియారం దాదాపు అయిపోయేదాకా ఆగి, చిన్న ఫీల్డ్ గోల్ కొట్టి సూపర్ బౌల్‌కు వెళ్లిపోయేవారు. జెండా పడలేదు కాబట్టి అప్పుడే ఫీల్డ్ గోల్ కొట్టి 23-20 చేశారు, రామ్స్‌కు సమం చేయడానికి కావాల్సినంత టైము దొరికింది. సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో గ్రెగ్ జెర్లైన్ 57 యార్డుల నుంచి కొట్టి 26-23తో ముగించాడు.

ఆట అయిన కాసేపటికే లీగ్ ఆఫీసు నుంచి తప్పు ఒప్పుకున్నారని సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ చెప్పాడు. తర్వాత కమిషనర్ రోజర్ గూడెల్ కూడా జెండా పడాల్సిన ప్లే అన్నాడు. రోబీ-కోల్‌మన్‌కు అదే ప్లే మీద 26,739 డాలర్ల జరిమానా వేశారు. అంటే లీగ్ జరిమానా వేసేంత పెద్ద తప్పు, కానీ మైదానంలో ఏమీ జరగనట్టే! నేను సెయింట్స్ అభిమానిని కాను. అయినా ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మరి ఆ తప్పు మళ్లీ జరగకుండా ఏం చేశారు?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు, ఆ ఆకులు కూడా సరైనవి కావు. 2019 మార్చిలో ముప్పై రెండు జట్లలో ముప్పై ఒకటి ఒప్పుకుని, పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను రివ్యూ చేయొచ్చని రూలు తెచ్చాయి. సిన్సినాటి ఒక్కటే వద్దంది. పడిన జెండాను తీసేయొచ్చు, పడని జెండాను వేయనూ వచ్చు. ఒక ఏడాది ప్రయోగం.

అందరం సంతోషించాం. సీజన్ మొదలయ్యాక అసలు చిక్కు బయటపడింది. వీడియోను నెమ్మదిగా తిప్పితే ప్రతి స్పర్శా తప్పులాగే కనపడుతుంది. మామూలు వేగంలో చూస్తే చాలావరకు ఆటలో భాగంలా ఉంటుంది. ఎంత పట్టుకుంటే ఎక్కువ? న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లు గీత చాలా పైన గీశారు. కోచ్‌ల ఛాలెంజ్‌లలో ఎక్కువ భాగం తిరగ్గొట్టారు. నవంబర్ 17న బాల్టిమోర్‌లో హ్యూస్టన్ రిసీవర్ డిఆండ్రే హాప్కిన్స్‌ను బంతి రాకముందే పట్టుకున్నట్టు ఇంట్లో కూర్చున్న మాకందరికీ కనపడింది. ఛాలెంజ్ చేశారు, మార్చలేదు. ఇంకోవారం ఇంకోచోట అంతకంటే చిన్నదానికి మారేది. 2020లో ఆ రూలును పొడిగించలేదు.

ఈ మొత్తం చర్చలో నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కెమెరా "ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలదు. "ఎంత?" అన్న ప్రశ్నకు చెప్పలేదు. పాదం గీత లోపల ఉందా అంటే రెండు కోణాలు చూస్తే తేలిపోతుంది. చేయి పట్టుకోవడం మరీ ఎక్కువైందా అంటే నలుగురు నాలుగు మాటలంటారు, ఆ నలుగురూ నిజాయితీపరులే అయినా సరే. 2019 రూలు మొదటి ప్రశ్నకు పనికొచ్చే పరికరంతో రెండో ప్రశ్నకు జవాబు అడిగింది. సూపర్‌డోమ్‌లో జరిగింది "ఎంత?" అనే ప్రశ్నే కాదు, అది ఎవరైనా చూడగానే చెప్పే తప్పు. అలాంటిదాన్ని పట్టుకోవడానికి రివ్యూ అక్కర్లేదు, ఎనిమిదో జత కళ్లు కావాలి.

ఎనిమిదో జత కళ్లంటే స్కై జడ్జా?

అదే. పైన బూత్‌లో ఒక పూర్తిస్థాయి అఫీషియల్ కూర్చుంటాడు. మామూలు వేగంలో, టీవీలో మనం చూసినట్టే చూస్తాడు. మరీ దారుణమైన తప్పు కిందవాళ్లు చూడకపోతే వెంటనే చెవిలో చెప్తాడు. 2019 వసంతంలో నడిచి ఆగిపోయిన అలయన్స్ ఆఫ్ అమెరికన్ ఫుట్‌బాల్ అనే చిన్న లీగ్‌లో ఇది ఉండేది. ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్‌లు చాలామంది అడిగారు. లీగ్ పూర్తిగా ఒప్పుకోలేదు.

దాని బదులు రీప్లే అసిస్ట్ అని సగం దారి వచ్చింది. 2025 నుంచి ఫేస్‌మాస్క్ (హెల్మెట్ కడ్డీలు పట్టి లాగడం), కాలు అడ్డుపెట్టడం లాంటి కొన్నిటిలో జెండా పొరపాటున పడితే, పైనుంచి చెప్పి తీయించవచ్చు. పడని జెండాను మాత్రం వేయించలేరు. ఇది నాకు మింగుడుపడదు. 2024 అక్టోబర్ 24న రామ్స్, మిన్నెసోటా ఆటలో, మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌ను తన ఎండ్ జోన్‌లోనే హెల్మెట్ కడ్డీలు పట్టి, మెడ తిరిగిపోయేలా కింద పడేశారు. నిమిషంన్నర ఆట మిగిలి ఉంది, మిన్నెసోటా ఎనిమిది పాయింట్లే వెనక. జెండా లేదు. సేఫ్టీ (సొంత ఎండ్ జోన్‌లో పడితే అవతలివాళ్లకు వచ్చే రెండు పాయింట్లు) ఇచ్చారు, ఆట 30-20తో అయిపోయింది. ఫేస్‌మాస్క్ "ఎంత?" అనే తప్పు కాదు. వేళ్లు కడ్డీల్లో ఉన్నాయా లేదా, మెలితిప్పాడా లేదా, అంతే. ఇప్పటి రూలుతోనూ ఆ తప్పును సరిదిద్దలేం. మెడకు సంబంధించిన విషయంలో అయినా పైవాళ్లకు జెండా వేసే అధికారం ఇవ్వాలి.

డెజ్ బ్రయంట్ క్యాచ్ అసలు క్యాచేనా?

మా ఊళ్లో ఈ ప్రశ్న అడిగితే కాఫీ చల్లారిపోతుంది. 2015 జనవరి 11, లాంబో ఫీల్డ్, డాలస్, గ్రీన్ బే ప్లేఆఫ్. నాలుగో డౌన్‌లో ఇంకా రెండు యార్డులు కావాలి. డాలస్ ఆటగాడు బ్రయంట్ డిఫెండర్ మీదుగా ఎగిరి బంతి అందుకున్నాడు. అడుగులు వేశాడు, బంతిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, గోల్ లైన్ వైపు చాచాడు. నేలను తాకగానే బంతి ఎగిరింది, మళ్లీ ఒడిసి పట్టుకున్నాడు. మొదట క్యాచ్ అన్నారు. గ్రీన్ బే ఛాలెంజ్ చేసింది, మారిపోయింది. కిందపడుతూ పట్టుకునేవాడు నేలకు తగిలాక కూడా బంతిని వదలకూడదని అప్పటి రూలు. గ్రీన్ బే 26-21తో గెలిచింది.

రూలు ప్రకారం ఆ నిర్ణయం సరైనదే అని ఒప్పుకోక తప్పదు. తప్పు రూలుది. 2017 డిసెంబర్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు జెస్సీ జేమ్స్‌కు కూడా న్యూ ఇంగ్లండ్ మీద అదే జరిగాక, 2018లో మార్చారు. ఇప్పుడు బంతి మీద పట్టు ఉండాలి, రెండు పాదాలు లోపల పడాలి, ఆపై మూడో అడుగు వేయడమో బంతిని చాచడమో చేయాలి. ఈ లెక్కన బ్రయంట్‌ది క్యాచే. మూడేళ్లు ఆలస్యం.

క్వార్టర్‌బ్యాక్‌ను ముట్టుకుంటే జెండానా?

అలా అనిపిస్తుంది, కానీ వెనక కథ ఉంది. 2017 అక్టోబర్‌లో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ మీద డిఫెండర్ పూర్తి బరువుతో పడటంతో కాలర్‌బోన్ విరిగింది. 2018 నుంచి క్వార్టర్‌బ్యాక్ మీద ఒంటి బరువంతా వేసి పడితే రఫింగ్ ద పాసర్ (విసిరేవాణ్ణి అనవసరంగా కొట్టడం) రూలును గట్టిగా అమలు చేస్తామన్నారు. పరిగెత్తుకొచ్చిన మనిషి గాల్లో ఉండగా బరువు ఎటు వేయాలో ఎలా చూసుకుంటాడు? ఆ సెప్టెంబర్‌లోనే మయామి ఆటగాడు విలియం హేస్, ఓక్లాండ్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ మీద పడకుండా తప్పించుకోబోయి మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు, సీజన్ అయిపోయింది. ఒకరిని కాపాడే రూలు ఇంకొకరి కాలు విరిచింది.

2022 అక్టోబర్ 9న టాంపాలో గ్రేడీ జారెట్, క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని పట్టి మామూలుగానే కింద పడేశాడు, జెండా. మర్నాడు కాన్సాస్ సిటీలో క్రిస్ జోన్స్ బంతిని లాక్కుంటూనే కార్ మీద పడ్డాడు, బంతి తన చేతిలో ఉన్నా జెండా. దీన్ని రివ్యూ చేయాలన్న ప్రతిపాదనను 2023లో యజమానులు తోసిపుచ్చారు. క్వార్టర్‌బ్యాక్ తలకు కాపలా ఉండాల్సిందే, అందులో రాజీ వద్దు. కానీ తలకు గానీ మోకాలికి గానీ తగలని చోట జెండా పడితే తీసేసే దారి ఉండాలి.

తప్పు తేలాక ఫలితం మార్చొచ్చా? ఆట మళ్లీ ఆడించొచ్చా?

లేదు. అసాధారణమైన అన్యాయం జరిగితే జోక్యం చేసుకునే అధికారం రూలు పుస్తకం కమిషనర్‌కు ఇచ్చింది. కానీ అఫీషియల్స్ అంచనా తప్పులకు, చూడకుండా వదిలేసినవాటికి అది వర్తించదని అక్కడే రాసి ఉంది. న్యూ ఆర్లీన్స్ అభిమానులు కోర్టులకెళ్లినా ఫలితం మారలేదు.

అఫీషియల్స్ అమ్ముడుపోయారంటారు కదా?

సోషల్ మీడియాలో ప్రతి సోమవారం ఇదే మాట. దయచేసి అనకండి. ప్రతి ఆటలో ప్రతి ప్లేకు వాళ్లకు లీగ్ మార్కులు వేస్తుంది. ఆ మార్కులను బట్టే ప్లేఆఫ్స్‌లో పని దొరుకుతుంది. 2008 సెప్టెంబర్‌లో డెన్వర్‌లో ఎడ్ హొక్యులీ పొరపాటున విజిల్ ఊదడంతో శాన్ డియేగో గెలవాల్సిన ఆట 39-38తో ఓడింది. తనను తిడుతూ వచ్చిన ఈమెయిల్స్‌కు ఆయన తానే జవాబులు రాసి, తప్పు నాదేనన్నాడు. అమ్ముడుపోయినవాడు అలా రాయడు.

రూలు మార్చేది ఎవరు?

కాంపిటిషన్ కమిటీ, లేదా ఏదైనా జట్టు ప్రతిపాదిస్తుంది. 32 మంది యజమానుల్లో 24 మంది ఒప్పుకోవాలి. అందుకే చాలా ప్రతిపాదనలు చర్చ దగ్గరే ఆగిపోతాయి. ఫంబుల్ అయిన, అంటే చేతిలోంచి జారిన బంతి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోతే బంతి మొత్తం అవతలి జట్టుకు ఇచ్చేసే రూలు ఎన్నో ఏళ్లుగా అందరూ తిడుతున్నా అలాగే ఉంది. ఒక అంగుళం దూరంలో చేయి జారితే అంత శిక్షా? నా ఓటు ఉంటే మొదట అదే మార్చేవాణ్ణి.

జెండా పడగానే కొత్తగా చూసేవాళ్లు ఎటు చూడాలి?

బంతి వైపు కాదు, జెండా ఎక్కడ పడిందో చూడండి. బంతి కదిలే చోట, లైన్ దగ్గర పడితే ఎక్కువగా హోల్డింగో ఆఫ్‌సైడో. దూరంగా ఇద్దరు పరిగెత్తిన చోట పడితే పాస్ ఇంటర్‌ఫియరెన్స్. క్వార్టర్‌బ్యాక్ పక్కన పడితే రఫింగ్. రిఫరీ మైకు నొక్కేలోపు మీకే సగం తెలిసిపోతుంది.

థాంక్స్‌గివింగ్‌కు విజయవాడ నుంచి వచ్చిన మా బావమరిదికి ఇదే నేర్పాను. మొదటి సగమంతా "అదేంటి బావా, అంత దూరం పరిగెత్తాక మళ్లీ వెనక్కి తెచ్చారేం?" అని అడుగుతూనే ఉన్నాడు. నాలుగో క్వార్టర్‌లో లైన్ దగ్గర జెండా పడింది. నేను నోరు తెరవకముందే సోఫాలోంచి లేచి, రిఫరీ లాగే మణికట్టు పట్టుకుని చూపించి, "హోల్డింగ్ బావా, పది యార్డులు!" అన్నాడు. హోల్డింగే.